ఈశ్వరుడున్నాడని తర్కం తేల్చగలదా? న్యాయదర్శనం వాదనలపై తరచుగా అడిగే ప్రశ్నలు

న్యాయదర్శనానికి తొలిపాఠ పుస్తకమైన తర్కసంగ్రహం చదువుకునే మా చిన్న బృందంలో ఈశ్వరానుమానం వచ్చిన రోజు పాఠం ముందుకు సాగదు. శాస్త్రంలో అనుమానం అంటే సందేహం కాదు, హేతువును బట్టి తేల్చడం. భక్తులు, సందేహులు, అంతవరకు ఏ మాటా అనకుండా వింటూ కూర్చున్నవారు, అందరూ ఒక్కసారిగా నోరు విప్పుతారు. ఏళ్ల తరబడి విన్న ఆ ప్రశ్నల్లో మళ్లీ మళ్లీ వచ్చేవాటిని ఇక్కడ రాశాను. నైయాయికుల, అంటే న్యాయదర్శనం వారి, మాటను ఎంత గట్టిగా చెప్పవచ్చో అంత గట్టిగా చెప్పడానికి ప్రయత్నించాను, వారి ప్రత్యర్థుల మాటను కూడా అలాగే. నాకు తృప్తి కలగని చోట ఆ సంగతి దాచలేదు.

దేవుడికి రుజువులు వెతకడం పాశ్చాత్యుల అలవాటు కదా? మన సంప్రదాయంలో అది ఉందా?

ఉంది, చాలా పాతది కూడా. గౌతముని న్యాయసూత్రాల నాలుగో అధ్యాయంలో ఈశ్వరుని గురించి మూడే మూడు సూత్రాలున్నాయి. మనిషి ఎంత పాటుపడినా ఒక్కోసారి ఫలం దక్కడం లేదు కాబట్టి ఫలమిచ్చే ఈశ్వరుడే కారణం అంటుంది మొదటిది. పని చేయకుండా ఫలం రాదు కదా అని రెండోది అడ్డుపడుతుంది. ఆ పని ఫలించేలా చేసేది కూడా ఆయనే కాబట్టి నీ అభ్యంతరం నిలవదు అని మూడోది సర్దిచెబుతుంది. అంతే. ఆ మూడు సూత్రాల మీద వాత్స్యాయనుడు, ఉద్యోతకరుడు, వాచస్పతి మిశ్రుడు, కాశ్మీరంలో జయంతభట్టు తరతరాలుగా ఒక మహాభవనం కట్టారు. దానికి శిఖరం ఎత్తినవాడు మిథిలకు చెందిన ఉదయనాచార్యుడు. ఆయన లక్షణావళి చివర చెప్పుకున్న శక సంవత్సరం 906 అని సాధారణంగా లెక్కిస్తారు, అంటే క్రీ.శ. 984. ఆ లెక్కను కాదని ఆయనను మరికొంత తర్వాతి కాలానికి జరిపే పండితులూ ఉన్నారు. ఆయన న్యాయకుసుమాంజలి ఈశ్వరసిద్ధి కోసమే రాసిన గ్రంథం.

కొత్తగా వచ్చినవారిని ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఎదుటి పక్షం. బౌద్ధులు, జైనులు, చార్వాకులు ఒప్పుకోకపోవడంలో వింత లేదు. వేదాన్ని నెత్తిన పెట్టుకున్న మీమాంసకులు కూడా సృష్టికర్త అక్కరలేదన్నారు. సాంఖ్యసూత్రాల్లో ‘ఈశ్వరాసిద్ధేః’ అన్న సూత్రమే ఉంది. ఈశ్వరుడు సిద్ధించలేదు కాబట్టి అని దాని అర్థం. అంటే ఈ చర్చ ఆస్తికులకూ నాస్తికులకూ మధ్య మాత్రమే జరిగినది కాదు.

ఇంతకీ ఆ వాదన ఏమిటి?

మూల వాదన ఒక్క వాక్యం. అన్నంభట్టు తర్కసంగ్రహ దీపికలో దాన్ని ఇలా ఇచ్చాడు: ‘క్షిత్యంకురాదికం సకర్తృకం, కార్యత్వాత్, ఘటవత్.’ భూమి, మొలక మొదలైనవాటికి కర్త ఉన్నాడు, అవి కార్యాలు, అంటే పుట్టినవి, కాబట్టి, కుండలాగా.

అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగువాడు. కాశీకి పోయినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు అయిపోడని సంస్కృతంలో నానుడి పుట్టేంత పేరు తెచ్చుకున్నాడు. తర్కం మొదలుపెట్టే పిల్లల చేతికి దేశమంతటా ఇప్పటికీ ఆయన పుస్తకమే ఇస్తారు.

వాదనను పంచావయవాలుగా విప్పితే ఇలా ఉంటుంది. భూమికి, మొలకకు కర్త ఉన్నాడన్నది ప్రతిజ్ఞ. అవి పుట్టినవి కాబట్టి అన్నది హేతువు. పుట్టిన ప్రతిదానికీ కర్త ఉంటాడు, కుండకు కుమ్మరి ఉన్నట్టు, అన్నది ఉదాహరణ. ఇవీ అలా పుట్టినవే అన్నది ఉపనయం. కాబట్టి వీటికీ కర్త ఉన్నాడన్నది నిగమనం. కొండమీద పొగ చూసి నిప్పు ఉందని చెప్పే అనుమానానికీ దీనికీ నిర్మాణంలో తేడా లేదు. నైయాయికుడి పట్టు అక్కడే ఉంది. ఈశ్వరుడి కోసం వేరే కొలబద్ద అడగడు. వంటింట్లో, పొలంలో, న్యాయస్థానంలో అందరూ వాడే కొలబద్దనే ఇక్కడా వాడమంటాడు.

‘కర్త’ అన్న మాటకు కూడా కచ్చితమైన నిర్వచనం ఉంది. దేనితో చేయాలో ఆ సామగ్రిని నేరుగా ఎరిగి ఉండడం, చేయాలన్న కోరిక, చేసే ప్రయత్నం, ఈ మూడూ ఉన్నవాడు కర్త. మట్టిని ఎరిగినవాడు కుమ్మరి, నూలును ఎరిగినవాడు సాలెవాడు. పరమాణువులను ఎరిగినవాడెవరో ఆయనే ఈశ్వరుడు.

భూమి ‘పుట్టింది’ అని ఎలా చెబుతారు? ఎవరు చూశారు?

ఎవరూ చూడలేదు, చూడనవసరం లేదు కూడా. భాగాలు కలిగిన ప్రతి వస్తువూ ఆ భాగాలు కలవడం వల్ల పుట్టినదే అంటాడు నైయాయికుడు. చీర నూలుపోగుల కలయిక, గోడ ఇటుకల కలయిక. భూమికి భాగాలున్నాయి కాబట్టి అదీ కార్యమే. ఆకాశానికి, ఆత్మకు, పరమాణువుకు ఆయన లెక్కలో భాగాలు లేవు, అందుకే అవి నిత్యాలు, వాటిని ఎవరూ చేయలేదు.

ఈ చివరి మాట దగ్గర ఆగాలి. న్యాయదర్శనంలో ఈశ్వరుడు శూన్యంలోంచి సృష్టించడు. పరమాణువులు, జీవాత్మలు, వారి కర్మ శేషాలు ఆయనతోపాటే ఎప్పుడూ ఉన్నాయి. ఆయన కుమ్మరి మాత్రమే, మట్టి ఆయన చేసినది కాదు. సృష్టి, ప్రళయం చక్రంలా తిరుగుతుంటాయి, మొట్టమొదటి సృష్టి అంటూ ఒకటి లేదు. ‘దేవుడు సర్వాన్నీ సృష్టించాడు’ అన్న మాటను ఇతర మతాల నుంచి తెచ్చి ఈ వాదన మీద అతికిస్తే సగం అభ్యంతరాలు వృథాగా పుట్టుకొస్తాయి.

అయితే మహావిస్ఫోటం దీన్ని బలపరుస్తుందా, బలహీనపరుస్తుందా?

రెండూ కాదు. విశ్వానికి ఆరంభం ఉందన్న విషయం మీద ఆధారపడేది అల్ గజాలీ వంటి ముస్లిం తత్వవేత్తల వాదన. ఉదయనుడికి ఆ ఆరంభంతో పని లేదు. పైగా మహావిస్ఫోట సిద్ధాంతానికి ఆద్యుల్లో ఒకరైన జార్జ్ లెమైత్ర్ స్వయంగా కాథలిక్ పూజారి. తన సిద్ధాంతాన్ని మతచర్చకు దూరంగానే ఉంచాడు. ఆ నిగ్రహం మనకూ మంచిది.

కుమ్మరికి చేతులున్నాయి, శరీరం ఉంది. ఈశ్వరుడికి లేదంటారు. మరి పోలిక ఎలా కుదురుతుంది?

పోలిక మీద వచ్చే మొదటి దెబ్బ ఇదే. మనం చూసిన కర్తలందరికీ శరీరం ఉంది. కాబట్టి శరీరం వల్ల పుట్టినవాటికే కర్త ఉంటాడని నియమం పెట్టుకోవాలి, మొలక శరీరం వల్ల పుట్టలేదు కాబట్టి దానికి కర్త లేడు. ఇది ప్రత్యర్థి మాట.

జవాబు చూడండి. కొలిమిలో నిప్పు చూశాను, వంటింట్లో నిప్పు చూశాను, కాబట్టి కొండమీద నిప్పుకు కూడా పొయ్యి ఉండాలి అని ఎవరైనా అంటారా? పొగకు నిప్పుతోనే సంబంధం, పొయ్యితో కాదు. అలాగే కార్యానికి కర్త జ్ఞానంతో, ఇచ్ఛతో, ప్రయత్నంతో సంబంధం. శరీరం మనవంటివారికి ప్రయత్నం సాగే దారి మాత్రమే. నా చేయిని నేను కదిలించడానికి మరో చేయి అక్కరలేదు కదా. 14వ శతాబ్దంలో గంగేశోపాధ్యాయుడు తత్త్వచింతామణిలో ఈ జవాబును మరింత పదును పెట్టాడు. ‘పుట్టనిది’ అంటే చాలే చోట ‘శరీరం వల్ల పుట్టనిది’ అనడంలో ఆ విశేషణం వ్యర్థం, వ్యర్థ విశేషణంతో హేతువు నిలవదు అన్నాడు.

చేయి ఉదాహరణ నాకు నచ్చుతుంది. వ్యర్థ విశేషణం జవాబు మాత్రం ఎదుటివాడి నోరు మూయిస్తుందే తప్ప మనసును ఒప్పించదనిపిస్తుంది.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఏది?

నా దృష్టిలో ధర్మకీర్తి పుట్ట.

ధర్మకీర్తి ఆరు, ఏడు శతాబ్దాల నాటి బౌద్ధ తార్కికుడు. ప్రమాణవార్తికంలో ఆయన అడిగేది ఇది. కుండను చూసి కుమ్మరిని ఊహిస్తాం, సరే. ఎందుకు ఊహిస్తాం? కుమ్మరి కుండలు చేయడం చూశాం కాబట్టి. అంతేగాని కుండ ‘మట్టితో తయారైన ఆకారం’ కాబట్టి కాదు. ‘మట్టితో తయారైన ఆకారం’ అన్న మాట ఒకటే చాలనుకుంటే పుట్టను చూసి కూడా కుమ్మరి చేశాడనాల్సి వస్తుంది! పుట్ట కూడా మట్టి ఆకారమే కదా. అలాగే పొగ లేత బూడిద రంగులో ఉంటుంది కాబట్టి ఆ రంగున్న ప్రతి వస్తువును చూసి నిప్పును ఊహిస్తే నవ్వరా? మాట ఒకటైనంత మాత్రాన వస్తువు ఒకటి కాదు. కుండ కార్యం, కొండ కార్యం అంటున్నారు. ఆ రెండు ‘కార్యా’లలో ఉమ్మడిగా ఉన్నది మాటేనా, లేక కర్తను సూచించగల నిజమైన ధర్మం ఏదైనా ఉందా?

పాడుబడిన దిగుడుబావి, కూలిన మేడ చూసినప్పుడు, కట్టినవాడిని ఎన్నడూ చూడకపోయినా ‘ఎవరో చేశారు’ అన్న బుద్ధి వెంటనే కలుగుతుంది. కొండను చూస్తే అలా కలగదు. ఈ తేడా ఉట్టిది కాదంటాడు బౌద్ధుడు.

నైయాయికుడు తగ్గడు. వంటింటి పొగ వేరు, కొండమీది పొగ వేరు, అయినా వాటి తేడాను పక్కనపెట్టి ‘పొగ’ అనే సామాన్యాన్ని, అంటే రెంటిలోనూ ఉన్న ఉమ్మడి ధర్మాన్ని, పట్టుకోకపోతే లోకంలో ఏ అనుమానమూ సాగదంటాడు. ఆ మాట నిజమే. కాని పొగ విషయంలో ఏ తేడాను పక్కనపెట్టవచ్చో మనకు పరీక్షించే వీలుంది, వెళ్లి చూడవచ్చు. కొండ విషయంలో ఆ వీలు లేదు.

దీనికి అనుబంధంగా దున్నకుండా, విత్తకుండా అడవిలో మొలిచే గడ్డి సంగతి వస్తుంది. కర్త లేని కార్యం ఇదిగో కళ్లముందే ఉందంటాడు ప్రత్యర్థి. ఆ గడ్డికి కర్త ఉన్నాడా లేడా అన్నదే ఇక్కడి వివాదం, వివాదంలో ఉన్నదాన్నే తెచ్చి దృష్టాంతంగా చూపకూడదంటాడు నైయాయికుడు. తర్కనియమం ప్రకారం ఆయనదే ఒప్పు. అయినా అడవి గడ్డిని చూసినప్పుడల్లా నాకు ఆ నియమం కాస్త ఇరుకుగానే అనిపిస్తుంది.

పుట్ట నిజానికి చెదపురుగుల పని, కర్త లేనిదేమీ కాదు. దాన్ని బట్టి ధర్మకీర్తి ఓడిపోయాడనుకునేవారు కూడా మా బృందంలో ఉన్నారు. ఆయన అడిగింది పుట్టకు కర్త ఉన్నాడా అని కాదు, కుమ్మరి ఉన్నాడా అని.

ప్రాణుల్లో కనిపించే ఏర్పాటును డార్విన్ వివరించాడు కదా? దాంతో ఈ వాదన ముగిసినట్టేనా?

గడియారాన్ని చూసి గడియారం చేసినవాడిని ఊహించినట్టు కంటిని చూసి సృష్టికర్తను ఊహించాలని 1802లో విలియం పేలీ రాశాడు. 1859లో డార్విన్ పుస్తకం ఆ వాదనను గట్టి దెబ్బ తీసింది. ఉదయనుడి వాదన మాత్రం అంగాల అమరికలోని చాతుర్యాన్ని నమ్ముకున్నది కాదు. ముడి మట్టిగడ్డ కూడా ఆయనకు కంటితో సమానమే, రెండూ కార్యాలే. కాబట్టి దెబ్బ నేరుగా తగలదు. కాని ‘చేసేవాడు లేకుండా చేసినట్టు కనిపించేది పుట్టవచ్చు’ అన్న ధర్మకీర్తి సందేహానికి డార్విన్ వల్ల ప్రాణం పోసినట్టయింది. దాన్ని కాదనడం నిజాయితీ కాదు.

కర్త ఉన్నాడనుకుందాం. ఒక్కడే అని ఎలా తేలింది?

లాఘవం, అంటే తక్కువ కల్పనతో సరిపెట్టడం, వల్ల అంటారు నైయాయికులు. ఒక్కడు చాలినప్పుడు పదిమందిని కల్పించడం గౌరవదోషం, అంటే అనవసరపు బరువు. పైగా పదిమంది సర్వజ్ఞులుంటే వారిలో భేదాభిప్రాయం వచ్చినప్పుడు లోకం ఏమవుతుందని కూడా అడుగుతారు.

దీన్ని ఎదిరించినవారిలో రామానుజాచార్యులవారు ఉన్నారంటే చాలామంది నమ్మరు. బ్రహ్మసూత్రాలకు తాను రాసిన శ్రీభాష్యంలో ‘శాస్త్రయోనిత్వాత్’ (శాస్త్రమే తెలిపేది కాబట్టి) అన్న సూత్రం దగ్గర అనుమానంతో ఈశ్వరుని సాధించడాన్ని ఆయన తునాతునకలు చేశారు. మేడలు, రథాలు ఒక్కరే కడుతున్నారా? లోకమంతా ఒకేసారి, ఒక్కరి చేతుల మీదుగా పుట్టిందనడానికి ఆధారం ఏది? వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కర్తలు వేర్వేరు భాగాలను చేసి ఉండవచ్చు కదా? కుండ ఉదాహరణ నిజంగా పనిచేస్తే అది చూపేది పరిమితమైన జ్ఞానం, పరిమితమైన శక్తి, శరీరం ఉన్న కర్తనే. 1779లో అచ్చయిన సంభాషణల్లో డేవిడ్ హ్యూమ్ ఓడను కట్టిన అనేకమంది వడ్రంగుల మాట ఎత్తాడు. శ్రీరంగంలో అదే ఆలోచన అంతకు ఆరు శతాబ్దాలకు పైగా ముందే ఉంది.

పరమభక్తుడైన రామానుజులు ఈ వాదనను ఎందుకు ఖండించారు?

ఖండించింది ఈశ్వరుని కాదు, ఆయనను చేరుకోవడానికి అనుమానం ఒక్కటే చాలుననే ధీమాను. బ్రహ్మ శాస్త్రం వల్లనే తెలియాలన్నది వేదాంతుల నిశ్చయం. శంకరులు కూడా శ్రుతికి తోడుగా తర్కాన్ని ఆదరించారే తప్ప తర్కమే స్వయంగా బ్రహ్మను చూపుతుందని ఒప్పుకోలేదు.

నాకు ఇందులో మరో లోతైన కారణం కనబడుతుంది. నైయాయికుల ఈశ్వరుడు నిమిత్తకారణం మాత్రమే, బయట నిలబడి మట్టిని మలిచేవాడు. వేదాంతుల బ్రహ్మ మట్టీ తానే, కుమ్మరీ తానే. కుమ్మరి ఉదాహరణతో మొదలుపెడితే కుమ్మరి దగ్గరే ఆగిపోతాం. రామానుజులు ఆరాధించిన అంతర్యామిని ఆ దారిలో కలుసుకోలేం.

ఉదయనుడు ఇంకా ఏ వాదనలు చెప్పాడు?

కుసుమాంజలి ఐదో స్తబకం (అధ్యాయం) మొదటి కారిక (శ్లోకం) అన్నిటినీ ఒక చోట గుచ్చింది:

కార్యాయోజనధృత్యాదేః పదాత్ ప్రత్యయతః శ్రుతేః
వాక్యాత్ సంఖ్యావిశేషాచ్చ సాధ్యో విశ్వవిదవ్యయః

కార్యం సంగతి చూశాం. ఆయోజనం అంటే జడమైన పరమాణువులు సృష్ట్యాదిలో కదిలి కలవడం. గొడ్డలి తనంతట తాను నరకదు, చేతనుడు కదిలించాలి. ధృతి అంటే లోకాలు పడిపోకుండా నిలవడం, ఎగిరే పక్షి పట్టుకున్న వస్తువు కింద పడనట్టు. గురుత్వాకర్షణ తెలిసిన మనకు ఈ వాదన అన్నిటికన్నా పాతబడినట్టు కనబడుతుంది. ‘ఆది’ శబ్దంతో ప్రళయాన్ని తీసుకుంటారు. పదం అంటే నేత, కుండల పని, మాటల వాడుక వంటి విద్యలు మొదట నేర్పిన గురువు ఒకడుండాలన్న వాదన. ప్రత్యయం, శ్రుతి, వాక్యం అన్న మూడూ వేదప్రామాణ్యం చుట్టూ తిరిగేవి. వేదాన్ని ఒప్పుకోనివాడికి వాటితో పని లేదు.

చివరిది సంఖ్య. దీని మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. కిటికీలోంచి పడే ఎండలో తేలే రేణువు మన కంటికి అందే అతి చిన్న వస్తువు అని న్యాయానికి తోడుదర్శనమైన వైశేషికం వారు భావించారు. దాన్ని త్ర్యణుకం అన్నారు. రెండేసి పరమాణువులు కలిస్తే ద్వ్యణుకం, మూడు ద్వ్యణుకాలు కలిస్తే త్ర్యణుకం. పరమాణువు పరిమాణం నుంచి పెద్ద పరిమాణం పుట్టదు. చిన్నతనం చిన్నతనాన్నే పుట్టిస్తుంది. మరి పెద్దతనం ఎక్కడి నుంచి వచ్చింది? సంఖ్య నుంచి. రెండు, మూడు అన్న సంఖ్యల నుంచి. అయితే ‘రెండు’ అన్నది వస్తువులో దానంతట అది ఉండదు. ‘ఇదొకటి, ఇదొకటి’ అని ఒక బుద్ధి కలిపి చూసినప్పుడే రెండు పుడుతుంది. దానికి అపేక్షాబుద్ధి అని పేరు. సృష్టి మొదట్లో లెక్కపెట్టడానికి మనుషులు లేరు, ఏ ప్రాణీ లేదు. ఆ పరమాణువులను ‘రెండు’ అని లెక్కపెట్టిన బుద్ధి ఎవరిది?

పరమాణువుల గురించి వారి లెక్కలు మనం ఇప్పుడు ఒప్పుకోం, కాబట్టి వాదన అలాగే నిలవదు. కాని సంఖ్య వస్తువుల్లో ఉందా, లెక్కపెట్టే మనసులో ఉందా అన్న ప్రశ్న ఇప్పటికీ గణిత తత్వశాస్త్రంలో సజీవంగా ఉంది. చూసేవారు ఎవరూ లేని విశ్వంలో ‘రెండు’ ఉంటుందా అని ఒక రాత్రి ఆరుబయట పడుకుని ఆలోచించి చూడండి.

కంటికి కనబడనిదాన్ని లేదనుకోవడమే న్యాయం కదా?

కనబడగలిగి ఉండి కనబడకపోతేనే లేదనాలి. బల్ల మీద పుస్తకం కనబడకపోతే లేదు. గదిలో గాలి కనబడకపోతే లేదనం. ఈ తేడాకు యోగ్యానుపలబ్ధి అని పేరు. ఈశ్వరుడు ఇంద్రియాలకు యోగ్యుడే కాడు, కాబట్టి కనబడకపోవడం ఏమీ తేల్చదు. ఉన్నాడనీ తేల్చదు, ఆ మాట కూడా గుర్తుంచుకోవాలి.

ఉదయనుడు చార్వాకుణ్ణి ఇక్కడ గట్టిగా పట్టుకుంటాడు. కనబడనిది లేదనేవాడు ఇల్లు దాటి బయటికి వస్తే భార్యాబిడ్డలు కనబడరు కదా, ఇక వాళ్లు లేరనుకుని తిరిగి ఇంటికి పోకుండా గుండెలు బాదుకుంటూ ఏడవాలి అంటాడు.

అన్నిటినీ సందేహిస్తానన్నా ఊరుకోడు. సందేహానికి వ్యాఘాతమే హద్దు అన్నది ఆయన సూత్రం. నిప్పు లేకుండా పొగ రావచ్చేమోనని మాటల్లో సందేహించేవాడు, పొగ కావలసినప్పుడు నిప్పే వెతుక్కుంటాడు. చేతలు మాటలను ఖండించే చోట సందేహం ఆగిపోవాలి. తర్వాత శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యంలో ఉదయనుడి శ్లోకాన్నే కొద్దిగా మార్చి తిప్పికొట్టాడు. వ్యాఘాతం ఉందంటే సందేహం ఉన్నట్టే కదా, లేని సందేహానికి వ్యాఘాతమేమిటని. గంగేశుడు మళ్లీ శ్రీహర్షుడికి జవాబిచ్చాడు. ఈ ముగ్గురినీ వరసగా చదవడం నా జీవితంలో దొరికిన పెద్ద సంతోషాల్లో ఒకటి.

దయగల ఈశ్వరుడైతే లోకంలో ఇంత దుఃఖం ఎందుకు?

కుమారిలభట్టు శ్లోకవార్తికంలో ఈ ప్రశ్నను నిర్దాక్షిణ్యంగా అడిగాడు. ప్రయోజనం లేనిదే మందమతి కూడా పనికి పూనుకోడు. ఈశ్వరుడికి సృష్టితో ఏం ప్రయోజనం? దయతో చేశాడంటారా? సృష్టికి ముందు దయ చూపడానికి ఎవరున్నారు? దయే కారణమైతే సుఖాన్నే సృష్టించేవాడు కదా?

కర్మ అన్నది నైయాయికుల జవాబు. ఈశ్వరుడు జీవుల అదృష్టాన్ని, అంటే కంటికి కనబడని కర్మ శేషాన్ని, బట్టే ఫలమిస్తాడు. బ్రహ్మసూత్రాలు కూడా ఈశ్వరుడికి పక్షపాతం, క్రూరత్వం లేవని ఇదే దారిలో చెబుతాయి. శంకరులు అక్కడ వాన ఉదాహరణ ఇచ్చారు. వాన అందరికీ ఒకటే, వరి వరిగా, యవలు యవలుగా మొలవడం విత్తనాన్ని బట్టి.

అయితే అన్నీ కర్మవల్లే జరిగితే ఈశ్వరుడెందుకన్నది మీమాంసకుడి ఎదురుప్రశ్న. అదృష్టం జడం, ఎవరికి ఎప్పుడు ఏ ఫలం అన్నది దానికి తెలియదు, తెలిసినవాడు ఒకడుండాలి అన్నది దానికి జవాబు. ఇక్కడ నేను వాదన ఆపేస్తాను. తర్కంలో ఈ జవాబు పొసగుతుంది. కాని బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర కర్మసిద్ధాంతాన్ని వివరణగా పెట్టడం నాకు చేతకాదు, ఎవరూ అలా చేయకూడదని నా అభిప్రాయం. ఆమె అడిగేది హేతువును కాదు.

‘అన్నిటికన్నా గొప్పది’ అన్న భావన నుంచే దేవుణ్ణి నిరూపించిన వాదన మనకు ఉందా?

అది సెయింట్ ఆన్సెల్మ్ 1077-78 ప్రాంతంలో రాసిన ప్రొస్లోగియన్‌లోని వాదన. అంతకన్నా గొప్పదాన్ని ఊహించలేనిది మనసులో మాత్రమే ఉంటే, నిజంగా కూడా ఉన్నది దానికన్నా గొప్పదవుతుంది కదా అని. దాని వరసలోనే అన్నిటికన్నా గొప్ప ద్వీపాన్నీ నిరూపించవచ్చని ఆయన కాలంలోనే గౌనిలో అనే సన్యాసి జవాబు రాశాడు. ఉనికి అన్నది వస్తువు లక్షణాల్లో ఒకటి కాదని 1781లో కాంట్ విమర్శించాడు.

నైయాయికులు ఈ దారి తొక్కలేదు. లక్షణం, అంటే నిర్వచనం, చెప్పినంత మాత్రాన వస్తువు సిద్ధించదు, ప్రమాణం, అంటే దాన్ని తెలిపే సాధనం, కూడా కావాలన్నది వారి మొదటి పాఠం. యోగసూత్రాల్లో మాత్రం కొంత దగ్గరగా వచ్చే మాట ఒకటుంది. జ్ఞానంలో హెచ్చుతగ్గులు కనిపిస్తున్నాయి కాబట్టి అది పరాకాష్ఠకు చేరే చోటు ఒకటుండాలి, ఆయనే ఈశ్వరుడు అని వ్యాఖ్యాతలు చెబుతారు. ఇది ఆన్సెల్మ్ కన్నా థామస్ అక్వినాస్ నాలుగో మార్గానికి దగ్గర.

ఉదయనుడి వాదనలతోనే బౌద్ధం మన దేశంలో అంతరించిందంటారు. నిజమేనా?

కాదు. ఉదయనుడి తర్వాత కూడా విక్రమశిల వంటి మహావిహారాలు నడిచాయి. 11వ శతాబ్దంలో అక్కడి రత్నకీర్తి ఈశ్వరసాధనదూషణం అన్న పుస్తకంలో నైయాయికుల వాదనలను ఒక్కొక్కటిగా విప్పి విమర్శించాడు. విహారాలు నాశనం కావడం, రాజాదరణ తగ్గడం వంటి చరిత్ర కారణాలు వేరే ఉన్నాయి. వాదంలో ఓడించి ఒక మతాన్ని మాయం చేశామని గొప్పలు పోవడం చరిత్రకూ అన్యాయమే, అంత శ్రమపడి జవాబులు రాసిన బౌద్ధ పండితులకూ అన్యాయమే.

పూరీ కథ కూడా అందరికీ ఇష్టం. జగన్నాథుడి గుడి తలుపులు మూసి ఉంటే ఉదయనుడు ‘ఐశ్వర్యమదంతో నన్ను పట్టించుకోవడం లేదు, బౌద్ధులు వచ్చినప్పుడు నీ ఉనికి నా చేతిలోనే ఉంటుంది’ అని కోపంగా శ్లోకం చెప్పాడట. అది కథే, చరిత్ర కాదు. కాని దేవుడితో అంత చనువుగా పోట్లాడగల తార్కికుడిని మన జనం ఊహించుకున్నారన్నది నాకు ముఖ్యం.

ఈ వాదన వింటే నమ్మకం లేనివారికి నమ్మకం వస్తుందా?

నేను చూసినంతలో రాదు. ఉదయనుడు కూడా అలా ఆశించినట్టు లేదు. కుసుమాంజలి మొదట్లోనే ఆయన ఒక విచిత్రమైన మాట అంటాడు. ఔపనిషదులు శుద్ధబుద్ధస్వభావుడని, కపిలుని శిష్యులు ఆదివిద్వాంసుడని, ఇలా ఎవరికి వారు ఏదో పేరుతో ఆయననే కొలుస్తున్నారు, ఇక చెప్పేదేముంది, చేతిపనులవారు కూడా విశ్వకర్మ అని కొలుస్తున్నారు, అలాంటివాడి విషయంలో సందేహమే లేనప్పుడు నిరూపించడానికి ఏముంది? మరి పుస్తకం ఎందుకు రాసినట్టు? దానికి ఆయన జవాబు: ఈశ్వరుని గురించిన ఈ న్యాయచర్చకే మననం (విన్నదాన్ని తలపోయడం) అని పేరు, శ్రవణం (వినడం) తర్వాత వచ్చే ఉపాసనే ఇది.

ఈ వాక్యం తెలిశాక నేను ఈ వాదనలను చదివే తీరే మారిపోయింది. ఉదయనుడు ప్రత్యర్థి అభ్యంతరాన్ని అంత ఓపికగా, అంత నిజాయితీగా ఎత్తిచూపడం ఎందుకో అర్థమైంది. పూజలో పువ్వును వాడినదా, పురుగుపట్టినదా అని చూసి పెడతాం కదా. పుస్తకం పేరే కుసుమాంజలి, అధ్యాయాల పేర్లు స్తబకాలు, అంటే పూలగుత్తులు.

మన ప్రాంతపు నాస్తికులు ఈ వాదనలకు ఏమని జవాబిచ్చారు?

ఆంధ్రలో నాస్తికత్వం ఈ తార్కిక చర్చ లోంచి పుట్టలేదు. గోరాగా అందరూ ఎరిగిన గోపరాజు రామచంద్రరావు వృక్షశాస్త్రం బోధించిన అధ్యాపకుడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం ప్రారంభించారు, 1947లో అది విజయవాడకు మారింది. దేవుడి మీద ఆధారపడే మనస్తత్వం మనిషిని బానిసను చేస్తుందన్నది ఆయన పట్టు. అస్పృశ్యత మీద పోరాటం, సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు ఆయన వాదనలు. గాంధీజీతో ఆయన జరిపిన చర్చలు పుస్తకంగా 1951లో వచ్చాయి. కార్యత్వ హేతువులో దోషం చూపడం కన్నా అది వేరే రకం సవాలు. ‘నీ ఈశ్వరుడు ఉన్నా సరే, పక్కవాడిని ముట్టుకోనివ్వని నీ బతుకు సంగతేమిటి’ అని అడిగే సవాలు. కుసుమాంజలిలో దానికి జవాబు లేదు. ఆస్తికులు దానికి జవాబు పుస్తకాల్లో కాక వేరే చోట చెప్పాలి.

ఉదయనుడు నాస్తికులను ఎలా చూశాడో కూడా చెప్పాలి. ఐదు స్తబకాల పోరాటం ముగిశాక ఆయన ఈశ్వరుడి వైపు తిరిగి ఇలా వేడుకుంటాడు. శ్రుతులు, యుక్తుల నీటితో ఇన్నిసార్లు కడిగినా నీకు చోటివ్వని హృదయాలు రాతి గుండెలే. అయినా, నిన్ను కాదనడానికే అయినా సరే, వాళ్లూ నిన్నే గట్టిగా తలచుకుంటున్నారు. దయామయా, సమయం వచ్చినప్పుడు వాళ్లను కూడా నువ్వే దాటించాలి.

వీటిని మూలంలో చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

తర్కసంగ్రహం, దీపికతో. కొంత సంస్కృతం వచ్చి, చెప్పేవారు దొరికితే కొన్ని నెలల పని. తర్వాత విశ్వనాథుని న్యాయసిద్ధాంతముక్తావళి, అందులో మంగళశ్లోకం దగ్గరే ఈశ్వరానుమానం ఎదురవుతుంది. ఆ తర్వాత కుసుమాంజలి కారికలు హరిదాసుని వ్యాఖ్యతో చదవండి. ఆ వ్యాఖ్యతో సహా కోవెల్ 1864లోనే ఇంగ్లీషులోకి అనువదించాడు, సంస్కృతం రానివారికి అది ఇప్పటికీ పనికొస్తుంది.

చాలామంది నేరుగా ఐదో స్తబకం తెరుస్తారు, ‘కార్యాయోజన’ కారిక అక్కడుంది కాబట్టి. అలా చేయకండి. మొదటి నాలుగు స్తబకాలూ ప్రత్యర్థులవి. పరలోకసాధనం ఏదీ లేదనేవాడు, ఈశ్వరుడు లేకపోయినా ఆ సాధనం ఆచరించవచ్చనేవాడు, ఆయన లేడనడానికే ప్రమాణం ఉందనేవాడు, ఉన్నా ఆయన ప్రమాణం కాడనేవాడు వరసగా వచ్చి మాట్లాడతారు. వారి మాట పూర్తిగా వినండి, ఉదయనుడు విన్నట్టే.